భోర్ ఘాటు ఛాయాచిత్రాలు: కనిపించేవీ, కనిపించనివీ

ముప్కాల్, బాల్కొండ, ఆర్మూరు ప్రాంతాల నుండి బొంబాయి వెళ్ళేవారు సాధారణంగా నిజామాబాదులో రైలెక్కి మన్మాడ్ మీదుగా పోతారు. నాసిక్ గడచిన తరువాత ఇగత్‌పురి అనే స్టేషను వస్తుంది. అక్కడి నుండి కసారా వరకు బండి సహ్యాద్రి కొండలను దిగుతుంది. సొరంగం తరువాత సొరంగం, వంతెన తరువాత వంతెన, కిటికీ పక్కన లోతైన లోయ. తిరుగు ప్రయాణంలో కసారా వద్ద బండికి అదనపు ఇంజన్లు తగిలిస్తారు. ఒక్క ఇంజను ఆ బరువును ఆ వాలు మీదికి ఈడ్వలేదు. పిల్లలు చేయి చాపి సొరంగాలు లెక్కపెడతారు. పెద్దలు సామాను సర్దుకుంటారు. ఈ దారిని ఎవరు తొలిచారు అన్న ప్రశ్న ఆ పెట్టెలో ఎవరికైనా తోచడం అరుదు.

ఈ కనుమను థల్ ఘాటు అంటారు. దీనికి దక్షిణంగా, బొంబాయి నుండి పూనా పోయే దారిలో భోర్ ఘాటు అనే మరొక కనుమ ఉన్నది. హైదరాబాదు రాజ్యం రైలు ద్వారా బొంబాయితో మొదట కలిసినది భోర్ ఘాటు మీదుగానే. 1874లో సికింద్రాబాదు నుండి వాడి వరకు నిజాం రైలుదారి తెరచినప్పుడు, వాడి వద్ద అది బొంబాయి దారిని అందుకొన్నది. మన పత్తీ, నూనెగింజలూ ఈ కనుమ దిగి ఓడరేవు చేరినవి. సీమ సరుకు ఈ కనుమ ఎక్కి మన అంగళ్ళకు వచ్చినది.

ఈ ఘాటు దారులను కట్టే రోజులలోనూ, కట్టిన కొత్తలోనూ తీసిన ఛాయాచిత్రాలు నేటికీ గ్రంథాలయాలలో, సంగ్రహాలయాలలో నిలిచి ఉన్నవి. వాటిని చూసి ‘ఎంత అందంగా ఉన్నవి’ అని ఊరుకోవచ్చును. కాని చరిత్ర విద్యార్థి శాసనాన్ని ఎట్లు చదువుతాడో ఛాయాచిత్రాన్ని కూడా అట్లే చదవాలి. శాసనం వేయించిన రాజు తన విజయాన్ని చెక్కిస్తాడు, ఓటమిని చెక్కించడు. ఛాయాచిత్రం కూడా అంతే. అది అబద్ధం చెప్పదు. అయితే అడిగినంత మేరకే నిజం చెబుతుంది.

కొండ ముందు నిలిచిన సమస్య

1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయి నుండి ఠాణా వరకు మన దేశంలో మొదటి ప్రయాణికుల బండి నడిచినది. దూరం 34 కిలోమీటర్లు. నేల దాదాపు చదును. ఆ దారి వేసిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీకి అసలు చిక్కు ఆపైన ఉన్నది. కొంకణ తీరానికీ దక్కను పీఠభూమికీ మధ్య సహ్యాద్రి గోడవలె నిలిచి ఉన్నది. పత్తి పండేది గోడకు అవతల. ఓడలు నిలిచేది ఇవతల. గోడ దాటనిదే రైలు పెట్టుబడికి ఫలితం లేదు.

భోర్ ఘాటు దారిని రూపొందించినవాడు కంపెనీ ప్రధాన ఇంజనీరు జేమ్స్ జాన్ బర్క్‌లీ. పని 1856లో ఆరంభమైనది. దారి పొడవు సుమారు 15¾ మైళ్ళు. ఎక్కవలసిన ఎత్తు 1,831 అడుగులు. అంటే సగటున 45 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి ఎక్కాలి. కొన్నిచోట్ల వాలు 37 అడుగులకు ఒక అడుగు వరకు ఉన్నది.

ఈ సంఖ్య అర్థం విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. 37కు 1 వాలు మీద బండి బరువులో ముప్పదియేడవ వంతు దానిని వెనుకకు లాగుతూ ఉంటుంది. బండి బరువు 370 టన్నులైతే, పది టన్నుల బరువును గాలిలోకి ఎత్తడానికి ఎంత బలం కావలెనో అంత బలాన్ని ఇంజను ఎడతెగక చూపవలె. చక్రాల రాపిడిని గెలిచే బలం దీనికి అదనం. పట్టా ఇనుము, చక్రం ఇనుము, రెండూ నునుపు. వాలు మరీ పెరిగితే చక్రం తిరుగుతుంది, బండి కదలదు. నీలగిరి రైలుదారిలో వాలు సుమారు 12కు 1 వరకు ఉన్నందున అక్కడ పట్టాల నడుమ పళ్ళ పట్టీ వేసి, ఇంజను కింది పళ్ళచక్రం దానిని పట్టుకొని ఎక్కేటట్లు చేశారు. భోర్ ఘాటు మీద అటువంటి ఏర్పాటు లేదు. కేవలం చక్రం పట్టు మీదనే ఎక్కాలి. అందుచేత వాలును ఒక హద్దులో ఉంచడానికి దారిని చుట్టు తిప్పి, అడ్డు వచ్చిన కొండను తొలిచి, లోయ వచ్చినచోట వంతెన కట్టవలసి వచ్చినది. 25 సొరంగాలు, 8 పెద్ద వంతెనలు ఆ విధంగా ఏర్పడినవి. సొరంగాల మొత్తం పొడవు రెండు మైళ్ళకు పైన.

ఒకచోట కొండ భుజం మరీ ఇరుకై, దారిని వంపు తిప్పడానికి చోటు చాలలేదు. అక్కడ బర్క్‌లీ ‘రివర్సింగ్ స్టేషను’ను ఏర్పరచినాడు. బండి ఆ చదునులోనికి వచ్చి ఆగుతుంది. ఇంజనును ముందు నుండి తీసి రెండవ కొసకు తగిలిస్తారు. బండి వచ్చిన వైపుకే మరొక పట్టా మీదుగా పైకి సాగుతుంది. మిట్ట ఎక్కే ఎడ్లబండివాడు దారిని అటూ ఇటూ మళ్ళిస్తూ పోయే ఉపాయమే ఇది.

ఈ కొండలు నల్లరాతి కొండలు. లావా గడ్డకట్టి ఏర్పడినవి. పూర్వపు నిజామాబాదు జిల్లా పడమటి భాగంలో నల్లరేగడి కింద ఉన్నది కూడా ఈ జాతి రాయే. డైనమైటు అప్పటికి లేదు; ఆల్‌ఫ్రెడ్ నోబెల్ దానికి పేటెంటు పొందినది 1867లో. రాతిని తొలిచే యంత్రాలూ ఈ పనిలో లేవు. ఒకడు ఉక్కు గునపం నిలబెట్టి తిప్పుతూ ఉంటే మరొకడు సుత్తితో కొట్టాలి. రంధ్రం పడ్డ తరువాత నల్లమందు కూరి పేల్చాలి. పేలిన రాళ్ళను గంపలకెత్తి మోయాలి. 1861 జనవరి నాటికి ఈ ఒక్క కనుమలో 42,000కు మించిన జనం పని చేశారు. వానకాలంలో బయటి పని నిలిచిపోయేది. కూలీలలో చాలమంది సేద్యానికి తమ ఊళ్ళకు మరలిపోయేవారు.

ఆనాటి కెమెరా

ఇంత పని జరుగుతున్న చోటికి కెమెరా వచ్చినది. అది ఎటువంటి కెమెరాయో తెలియనిదే ఆ చిత్రాల భాష మనకు తెలియదు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఆంగ్లేయుడు ‘తడి కొలోడియన్’ పద్ధతిని ప్రకటించినాడు. శుభ్రం చేసిన గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పారించాలి. చీకటిలో ఆ పలకను సిల్వర్ నైట్రేటు ద్రావణంలో ముంచాలి. పలక తడి ఆరకముందే దానిని కెమెరాలో పెట్టి వెలుతురు చూపాలి. వెంటనే చీకటిలోకి తెచ్చి బొమ్మ తేల్చాలి. ఈ పని అంతటికీ పది పదిహేను నిమిషాలే గడువు. కొలోడియన్‌లో ఈథర్ ఉంటుంది. అది వేడికి త్వరగా ఆవిరైపోతుంది. దక్కను ఎండలో ఆ గడువు మరింత తగ్గుతుంది. కనుక ఛాయాగ్రాహకుడు చీకటి గుడారం, గాజు పలకల పెట్టెలు, రసాయనాల సీసాలు, నీళ్ళు కూలీల నెత్తిన ఎత్తించుకొని కొండ ఎక్కాలి. ఆ మోసిన కూలీలు కూడా చిత్రంలో ఉండరు.

పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద గాజు పలకే కావాలి. ఆ రోజులలో కాగితం మీది బొమ్మ పలకంతే ఉండేది. ఆ పలకకు నీలి వెలుతురు మీద మక్కువ ఎక్కువ, ఎరుపు మీద తక్కువ. అందుచేత పాత చిత్రాలలో ఆకాశం మబ్బు తునకైనా లేక తెల్లకాగితంవలె కనబడుతుంది. చెట్ల పచ్చదనం నల్లబడుతుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది కాలం. పలకకు వెలుతురు చూపడానికి కొన్ని సెకండ్లు పట్టేది. మనిషి సెకండుకు మూడడుగులు నడుస్తాడనుకొందాం. అయిదు సెకండ్లలో పదిహేనడుగులు కదిలిపోతాడు. పలక మీద అతని రూపం ఎక్కడా నిలువదు. పొగమరకవలె కనబడుతుంది, లేదా బొత్తిగా కనబడనే కనబడదు. వంతెన కదలదు, కొండ కదలదు, సొరంగం నోరు కదలదు. సుత్తి ఎత్తిన చేయి కదులుతుంది. గంప మోసే స్త్రీ కదులుతుంది. కనుక పని చేస్తున్న మనిషిని ఆ కెమెరా చూపలేదు. పని ఆపి నిలిచిన మనిషినే అది చూపగలదు. ఆ చిత్రాలలో కూలీలు కనబడినచోటనెల్లా వారు నిలిచి ఉండడానికి కారణం ఇదే. వారు సోమరులు కారు. ‘కదలకండి’ అన్న మాట విన్నవారు.

చిత్రం చెప్పే సంగతులు

ఇక చిత్రాలను చదువుదాం. భోర్ ఘాటు చిత్రాలలో రివర్సింగ్ స్టేషనుది మిక్కిలి ప్రసిద్ధి. కొండ భుజం మీద సన్నని చదును. కింది నుండి వచ్చిన పట్టాలూ పైకి పోయే పట్టాలూ అక్కడ కలుస్తున్నవి. వెనుక నిటారు శిఖరం. ఈ ఒక్క చిత్రం చూస్తే ఇంజనీరు చిక్కూ, దాని పరిష్కారమూ ఒకేసారి బోధపడతాయి. దారి వంపు తిరగడానికి చోటెందుకు చాలలేదో మాటలలో చెప్పవలసిన పని లేదు. 1929లో దారి మార్చినందున ఆ స్టేషను వాడుకలో లేకుండా పోయినది. అది పని చేసిన తీరును నేడు చూపగలిగేవి ఈ చిత్రాలే.

వంతెన చిత్రాలలో కమాను కింద ఒక మనిషి నిలిచి ఉండడం తరచుగా చూస్తాం. అతడు అక్కడికి అనుకోకుండా వచ్చినవాడు కాడు. ఆ కాలపు ఛాయాగ్రాహకులు కట్టడం ఎత్తు తెలియడానికి మనిషిని కొలబద్దగా నిలబెట్టేవారు. మనిషి ఎత్తు అయిదున్నర అడుగులనుకొని, అతడు ఎన్ని మడతలైతే స్తంభం ఎత్తుకు సమానమో కొలిస్తే వంతెన ఎత్తు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. తరగతిలో చేయించదగిన లెక్క ఇది. లెక్క ముగిసిన తరువాత ఉపాధ్యాయుడు మరొక ప్రశ్న కూడా అడగవచ్చును: కొలబద్దగా నిలిచిన ఆ మనిషి పేరేమి? చిత్రం కింద వంతెన పేరు ఉంటుంది. కొలబద్దకు పేరు ఉండదు.

మట్టిపని చిత్రాలలో తవ్విన గోతుల మధ్య తవ్వకుండా విడిచిన మట్టి దిమ్మలు కనబడితే వాటిని గమనించాలి. నేల మొదట ఎంత ఎత్తు ఉండేదో చూపే సాక్షులు అవి. వాటిని బట్టి ఎన్ని ఘనపుటడుగులు తవ్వినారో లెక్క కడతారు. అంటే అక్కడి కూలి రోజు లెక్కన కాక, తవ్విన కొలత లెక్కన ఇచ్చినారని అర్థం. ఒక మట్టి దిమ్మ ఇంత సంగతి చెబుతుంది.

చిత్రం చెప్పని సంగతులు

కంపెనీ యజమానులు లండనులో ఉండేవారు. వాటాలు కొన్నవారు ఇంగ్లండులో ఉండేవారు. పెట్టుబడి మీద నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వం పూచీ పడినది. ఆ పూచీ భారం మన ప్రజల పన్నుల మీద పడినది. ఇటువంటి పనుల ఛాయాచిత్రాలు దూరాన ఉన్న యజమానులకు ‘పని సాగుతున్నది’ అని చూపే నివేదికలు కూడా. నివేదికలో ఏమి ఉండదో చూడండి.

మొదటి కాంట్రాక్టరు ఫేవియెల్. అతడి కింద చిన్న కాంట్రాక్టర్లు, వారి కింద మేస్త్రీలు, వారి కింద కూలీలు. డబ్బు పై నుండి కిందికి దిగేటప్పుడు ఒక్కొక్క మెట్టు మీద కొంత ఆగిపోయేది. 1859 జనవరిలో, కూలి అందని జనం తిరగబడినారు. ఆ కలహంలో ఒక యూరోపియను మరణించినాడు. మార్చిలో ఫేవియెల్ కాంట్రాక్టు వదులుకొన్నాడు. ఈ అలజడి ఫలితంగా 1860లో యజమానులకూ పనివారికీ మధ్య కూలి తగవులను మేజిస్ట్రేటు త్వరగా విచారించేటట్లు ఒక చట్టం వచ్చినది. అయితే ఆ చట్టమే ఒప్పుకొన్న పని వదిలిన కూలీని శిక్షించడానికి కూడా వీలు కల్పించినది. ఈ కలహం ఏ పలక మీదా లేదు. కదిలే జనాన్ని ఆ కెమెరా పట్టలేదు. పట్టగలిగినా పట్టమని ఎవరూ అడిగి ఉండరు.

తరువాత కాంట్రాక్టు తీసుకొన్న సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో ఇంగ్లండు నుండి వచ్చి, కొద్ది వారాలు గడవకముందే జబ్బుచేసి మరణించినాడు. అతడి భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ కాంట్రాక్టును వదలక, ఆడామ్సన్, క్లౌజర్ అనే ఇద్దరు ఇంజనీర్లను నియమించి పని పూర్తి చేయించినది. ఘాటు నిర్మాణపు ఛాయాచిత్రాల చరిత్రలో కూడా ఆమె పేరు వినబడుతుంది. బర్క్‌లీ ఆరోగ్యం చెడి ఇంగ్లండు మరలిపోయి, దారి తెరవక మునుపే 1862లో మరణించినాడు. వీరి పేర్లు మనకు తెలుసు. గుడిసెలలో కలరా సోకి, తొలుపు సొరంగాలలో రాళ్ళు పడి, మందు పేలి పోయిన కూలీల పేర్లు ఏ పలకా దాచలేదు.

1863 ఏప్రిల్ 21న బొంబాయి గవర్నరు సర్ బార్టిల్ ఫ్రేర్ దారిని తెరచినాడు. నాలుగేళ్ళు గడిచినవి. 1867 జూలైలో, వానకాలంలో, ఈ దారిలోని మౌ-కీ-మళీ వంతెన కూలిపోయినది. చెక్కిన రాళ్ళ వరుసలు చూపుకు దిట్టంగానే ఉండేవి. లోపలి రాతి పూడిక, సున్నం నాసిరకం. చిత్రం రాతి ముఖాన్ని చూపుతుంది. లోపలి సున్నాన్ని చూపదు. కట్టడాన్ని గురించే ఇది నిజమైతే, కట్టినవారి బ్రతుకులను గురించి చెప్పనక్కర లేదు.

మనవారు, మన కొండలు

ఈ కథలో తెలుగువారి పాలు ఎంత? దక్కనులో రైలు కట్టలు పోసిన వారిలో వడ్డెరల పేరు ఆనాటి ఆంగ్ల ఇంజనీర్ల రాతలలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. మట్టిపని, రాతిపని కులవృత్తిగా గల ఈ జనం తెలుగు మాట్లాడుతూ, కుటుంబాలతో, గాడిదలతో, పలుగు పారలతో ఒక పని నుండి మరొక పనికి దేశమంతటా తిరిగేవారు. కొలత మీద కూలి తీసుకోవడంలో, రాతి చీలికను కనిపెట్టడంలో వారికి సాటి లేరని పేరు. బొంబాయిలోని కామాటిపురా కూడా నిజాం రాజ్యం నుండి వలసపోయిన తెలుగు కూలీల పేరు మీద వెలసినదే. కట్టడపు పని చేసే ఆ జనాన్ని అక్కడ కామాటీలు అన్నారు.

మన నేల మీద కొండ రైలు చూడాలంటే నల్లమలకు పోవాలి. 1880వ దశకంలో సదరన్ మరాఠా రైల్వే మీటరు గేజి దారి నంద్యాల, గిద్దలూరుల మధ్య ఈ అడవి కొండలను దాటినది. అక్కడి సొరంగాన్ని జనం ‘బొగద’ అంటారు. మరాఠీలో బోగదా అంటే సొరంగమే. రైలుతోపాటు మాట కూడా వచ్చి మన అడవిలో నిలిచినది. లోతైన లోయ మీద ‘దొరబావి వంతెన’ కట్టినారు. 1990వ దశకంలో బ్రాడ్‌గేజి మార్పుతో రైలు వేరు దారి పట్టినది. పాత వంతెన పని ముగిసినది. పేరు చూడండి: వంతెనకు దొర పేరు మిగిలినది. రాయి మోసినవారి పేరు మిగలలేదు.

మనం చేయదగిన పని

గతించిన పలకలను మనం మార్చలేము. అయితే మన ఇండ్లలోని పలకల సంగతి వేరు. పూర్వపు నిజామాబాదు జిల్లాలో పెద్ద కట్టడాలకు కొదువ లేదు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు ఉన్నది. 1930వ దశకంలో బోధనులో వెలసిన చక్కెర కర్మాగారం ఉన్నది. ముప్కాల్‌కు చేరువలో, 1963 జూలై 26న నెహ్రూ పునాదిరాయి వేసిన పోచంపాడు ఆనకట్ట, అనగా నేటి శ్రీరాంసాగరు, ఉన్నది. పునాదిరాయి మీద పెద్దల పేర్లు చెక్కి ఉంటాయి. కట్ట పోసినవారి పేర్లు వారి మనుమల నోళ్ళలో మాత్రమే ఉన్నవి.

ఉపాధ్యాయులు పిల్లలకు ఒక పని చెప్పవచ్చును. ఇంట్లో, బంధువుల ఇంట్లో ఇటువంటి పనుల కాలపు ఛాయాచిత్రం ఉంటే అడిగి చూడాలి. మూడు ప్రశ్నలు వేయాలి. ఎవరు తీయించారు? ఎవరు నిలిచారు, ఎందుకు నిలిచారు? ఆ సమయాన చిత్రం అంచుకు అవతల ఏమి జరుగుతున్నది? జవాబులు తెలిసిన ముసలివారు ఇంకా ఉంటే, వారు చెప్పిన పేర్లను, ఊళ్ళను, సంవత్సరాన్ని చిత్రం వెనుక పెన్సిలుతో రాయాలి. సిరా కాగితం ముందువైపుకు దిగుతుంది కనుక పెన్సిలే మేలు.

భోర్ ఘాటులో కొలబద్దగా నిలిచిన మనిషిని ‘నీ పేరేమి?’ అని అడిగినవారు లేకపోయినారు. అడగడానికి పట్టే కాలం పలకకు వెలుతురు చూపిన కాలం కంటె ఎక్కువ కాదు.